గంధపు నలుసు

కుమ్మరి తాను చేసిన కుండను ఎవరింట్లోనో చూసి మురిసిపోవచ్చు. వడ్రంగి ఏ వీధిలోనో నడుస్తూ "ఆ తలుపు నా చేతిదే" అని పక్కవాడికి చూపించవచ్చు. ముప్ఫై ఏళ్ళకు పైగా నేను చేసిన పనిని మాత్రం ఎవరికీ చూపించలేను. అదంతా మట్టి కింద ఉంది. తిరుపతి రోడ్ల కింద, చిత్తూరు సందుల్లో, నేను ఎప్పుడూ అడుగుపెట్టని ఎన్నో ఊళ్ళలో, నడుము లోతు గోతుల్లో పడుకుని ఉంది. సత్యవేడుకు దగ్గర్లో హైవోల్టేజి కేబుళ్ళు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఇన్సులేషన్ బాధ్యత నాది.

మా పనిలో ఒక పాడు తిరకాసు ఉంది. మంచి కేబులు ఒకసారి గేటు దాటిందంటే మళ్ళీ మా కంటబడదు. మళ్ళీ వచ్చిందంటే పేలిపోయి, నల్లగా మాడి వచ్చిందని అర్థం. అందుకని "నేను చేసింది ఒక్కసారి చూసుకోవాలని ఉంది" అనుకోవడం కూడా తప్పే. దాని చావు కోరుకున్నట్టే. అయినా నేను కోరుకున్నాను. నాతోపాటు చెంగల్రాయుడనే ఆపరేటరు కూడా కోరుకున్నాడు. మా ఇద్దరి కోరికా ఒకే ఒక్క డ్రమ్ము, అంటే పెద్ద చెక్క చక్రానికి చుట్టిన ఒక్క చుట్ట, కేబులు గురించి. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈమధ్య ఇదే పనిలో చేరిన పిల్లలు కొందరు ఇంటికి వచ్చి "సార్, మీ అనుభవం చెప్పండి" అంటున్నారు. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేశారో చెప్పి మీ పొద్దు పాడుచేయను. ప్రమోషన్ల ముచ్చట్లు పెళ్ళి ఆల్బం లాంటివి, అందులో ఉన్నవాళ్ళకు తప్ప ఎవరికీ పట్టవు.

మడిగది

ముందు ఇన్సులేషన్ అంటే ఏమిటో చెబుతాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

కరెంటును తీగలో పంపడం పెద్ద విద్యేమీ కాదు. రాగో అల్యూమినియమో ఉంటే అదే పోతుంది. దాన్ని పక్కకు పోనివ్వకుండా పట్టి ఉంచడమే విద్య. స్తంభాల మీది తీగలకు చుట్టూ గాలి ఉంది కాబట్టి సరిపోయింది. భూమిలో పాతిన కేబులుకు గాలి ఎక్కడిది? అందులో తీగ చుట్టూ చిటికెన వేలి మందం కూడా లేని తెల్లటి ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. ముప్ఫైమూడు వేల వోల్టుల ఒత్తిడిని ఆ పొరే ఆపాలి. పండగకూ పబ్బానికీ సెలవు లేకుండా, ఏళ్ళ తరబడి ఆపాలి.

చెరువు నిండినప్పుడు కట్ట మీద కాపలా ఉన్న రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. కట్ట ఎంత లావుగా ఉన్నా ఒక్క ఎండ్రకాయ బొక్క చాలు. ఆ తెల్లటి పొరలో కంటికి ఆనీ ఆనని నలుసు ఉన్నా అంతే. ఒత్తిడంతా దాని దగ్గర పోగుపడుతుంది. మట్టిలోని తేమ కూడా తోడైతే, అక్కడి నుంచి సన్నటి కొమ్మలు పుట్టి, కొమ్మకు కొమ్మ వేస్తూ పొరలో పాకుతాయి. మేం దాన్ని చెట్టనే అంటాం. ఆ చెట్టు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చేరిన రోజున కేబులు పేలుతుంది. అందుకు ఐదేళ్ళు పట్టొచ్చు, పదిహేనేళ్ళు పట్టొచ్చు.

ఆ ప్లాస్టిక్ మా దగ్గరికి సగ్గుబియ్యం లాంటి గుళికలుగా, మూసిన పెట్టెల్లో వచ్చేది. పెట్టె మూత తీసి, గుళికలను మెషీన్లోకి లాగే గొట్టం పెట్టడానికి ఒక ప్రత్యేకమైన గది ఉండేది. అందులోకి వడగట్టిన గాలి తప్ప ఏదీ పోకూడదు. తలకు టోపీ, మూతికి గుడ్డ, కాళ్ళకు సంచులు. పూలు పెట్టుకుని రాకూడదు, మొహానికి పౌడరు రాసుకోకూడదు. "ఏంది సార్ ఇది, గుళ్ళో పూజారికి కూడా ఇంత మడి లేదు గదా!" అని చెంగల్రాయుడు మొదటి రోజే అన్నాడు. అప్పటి నుంచి దానికి మడిగది అనే పేరు ఖాయమైపోయింది. తలుపు మీద ఇంగ్లీషులో పెద్ద బోర్డుండేది. దాన్ని చదివినవాణ్ణి నేను చూడలేదు.

గుళికలు కరిగి, తీగ చుట్టూ పొరగా పట్టి, పొడవాటి వేడి గొట్టంలో గట్టిపడి బయటికి వచ్చాక, ఆ కేబులును కొన్నాళ్ళు వెచ్చటి గదిలో ఉంచుతాం. లోపల చిక్కుకున్న ఆవిర్లు పోవాలి. అప్పుడొక వాసన వచ్చేది. సంపెంగ పూలు తెచ్చి మందుల షాపులో పెట్టినట్టు తియ్యగా, ఘాటుగా ఉండేది. అది నా చొక్కాలకు పట్టుకుని ఇంటిదాకా వచ్చేది. మా ఆవిడ ముక్కు మూసుకుని బకెట్లో పడేసేది. నేను రిటైరైన కొత్తలో ఒకనాడు బట్టలు ఉతుకుతూ ఆమే అంది, "ఆ కంపు లేక ఇల్లు బోసిగా ఉండాది" అని. నాకైతే ఆ వాసన ఇప్పటికీ కావాలనిపిస్తుంది. పొద్దున లేచి కాఫీ తాగుతుంటే హఠాత్తుగా గుర్తొస్తుంది. ఏ అంగట్లో అడిగితే ఇస్తారు దాన్ని?

పద్మనాభన్ ముక్కాలిపీట

మా జనరల్ మేనేజర్ పద్మనాభన్ వేలూరు వైపు మనిషి. తెలుగు మాటలతో తమిళం మాట్లాడేవాడు. మడిగది తలుపు ముందు ఒక ముక్కాలిపీట వేయించుకుని, చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చునేవాడు. లోపలికి పోయేవాళ్ళ కాలరు వేలితో తడిమి, ఆ వేలిని వెలుతురులో పెట్టి చూసుకునేవాడు. నోరు మంచిది కాదు. వెనకాల అందరం తిట్టుకునేవాళ్ళం. నేను అందరికంటే ఎక్కువ తిట్టుకున్నాను.

ఒక్క సంగతి చెబితే ఆయన ఎలాంటివాడో మీకే తెలుస్తుంది. కేబులు లైను ఒకసారి మొదలైతే రోజుల తరబడి ఆపకూడదు. ఆపితే లోపల కరిగిన ప్లాస్టిక్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది, మెషీను విప్పి గోకి శుభ్రం చేయడానికి మళ్ళీ రోజులు పడతాయి. మేం సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి కూడా వంతులేసుకుని తినేవాళ్ళం. అలాంటి లైనును ఆయన ఒకనాడు ఒక్క ఈగ కోసం ఆపించాడు. మడిగదిలోకి ఈగ పోవడం చూశాడట, బయటికి రావడం చూడలేదట. యజమానులు ఫోనులో కేకలేశారు. పక్కనే నిలబడ్డ నాకు కూడా వినబడ్డాయి. ఫోను పెట్టేసి ఆయన నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు తిడితే వినేదానికి నేను ఈడ ఉండాను ప్పా. పదేళ్ళ తర్వాత కేబులు పేలితే ఎవడిని తిడతారు? ఈగనా?"

ఆ ఈగ తర్వాత కిటికీ అద్దం దగ్గర చచ్చి కనబడింది. లైను ఆపకపోయినా ఏమీ అయ్యుండేది కాదు. ఆయన సిగ్గుపడలేదు సరికదా, దాన్ని కాగితంలో పొట్లం కట్టించి అందరికీ చూపించాడు. ఇలాంటి పైఅధికారి దొరికితే వదులుకోకండి. తిట్లకేం, ఒంటికి అంటుకుంటాయా?

లోపం లేని మనిషి కాదు. మీటరు చూపించనిది లోకంలో లేనట్టేనని ఆయన నమ్మకం. ఆ విషయంలో ఆయనకూ నాకూ ఎప్పుడూ పడేది కాదు. నేను ఇప్పటికీ ఆయనదే తప్పంటాను.

చెంగల్రాయుడి మొక్కు

చెంగల్రాయుడిది సత్యవేడు పక్క పల్లె. నా ఈడువాడే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేవాడు. మాట్లాడకపోతే ఒంట్లో బాగాలేదేమోనని అడగాల్సి వచ్చేది. మడిగదిలో పెట్టెలు తెరిచి గొట్టం పెట్టే పని అతనిది.

అతని భార్య రాజమ్మకు మెదడుకు జ్వరం ఎక్కి తిరుపతిలో ఆసుపత్రిలో చేర్చారు. మనిషి దక్కడం కష్టమన్నారు. చెంగల్రాయుడు ఆసుపత్రి వరండాలో నిలబడి, కొండ వైపు తిరిగి మొక్కుకున్నాడు. రాజమ్మ నడిచి ఇంటికి వస్తే తాను బతికున్నన్నాళ్ళూ ఏటా తలనీలాలిస్తానన్నాడు. ఆమె నడిచే వచ్చింది.

అతనికి మిగిలిన సెలవులు లేవు. కొండ మీద గుండు చేయించుకుని, దర్శనం చేసుకుని, దిగి నేరుగా డ్యూటీకి వచ్చాడు. గుండు నిండా పచ్చగా గంధం, చేతిలో లడ్డూల సంచి. గేటు దగ్గర నుంచి మడిగది దాకా కనబడిన ప్రతివాడికీ ముక్క తుంచి పెట్టాడు.

"తీసుకోండి సార్. మా రాజమ్మ నడిచి వచ్చింది సార్! నిన్న పొయ్యికాడ కూచోని నన్ను తిట్టింది. ఆ తిట్లు వింటా ఏడ్చినాను సార్ నేను."

పద్మనాభన్ ఆ రోజు ముక్కాలిపీట మీదే ఉన్నాడు. లడ్డూ ముక్క కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. చెంగల్రాయుడి కాలరు తడిమి చూసి, "పో ప్పా, మంచిది" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. చెంగల్రాయుడు గంధం మీదనే టోపీ పెట్టుకుని లోపలికి పోయాడు.

పౌడరు వద్దన్నాం, పూలు వద్దన్నాం. గంధం వద్దనాలని మా అందరిలో ఒక్కరికీ తట్టలేదు. వేరే దేశం మనిషి ఎవరైనా అక్కడ ఉంటే "తలకు ఆ పచ్చటి మట్టి ఏమిటి?" అని అడిగుండేవాడు. మాకు గంధమంటే దేవుడికి పూసేది. అది మురికి ఎట్లవుతుంది?

మడిగదిలో గాలికి తడి ఉండదు. గంధం ఎండింది. కొత్తగా గొరిగిన తల దురద పెట్టింది. అతను పెట్టె మీదికి వంగి గొట్టం పెడుతూ, టోపీ కింద వేలు దూర్చి గోక్కున్నాడు. ఇదంతా తర్వాత అతనే చెప్పాడు.

వేడి నూనెలో

తయారైన ప్రతి డ్రమ్మునూ ఇనుప వల కట్టిన గదిలో పెట్టి, మామూలు కంటే ఎక్కువ వోల్టేజి ఎక్కించి పరీక్ష చేస్తాం. పొరలో ఎక్కడన్నా చిన్న సందు ఉంటే అక్కడ కరెంటు చిటపటలాడుతుంది. ఆ చిటపట మనిషి చెవికి వినబడదు, మీటరు ముల్లుకు వినబడుతుంది. చెంగల్రాయుడు కొండ దిగి వచ్చిన రోజున నడిచిన కేబులులో మొదటి డ్రమ్ము పెట్టగానే ముల్లు ఎగిరిపడింది.

చోటు వెతికి పట్టుకుని, అక్కడ కేబులు కోసి, తెల్లటి పొరను అప్పడాల్లా పలచగా ముక్కలు చేశాం. ఆ ముక్కలను వేడి నూనెలో వేస్తే ఒక వింత జరుగుతుంది. పాలలా తెల్లగా ఉన్నది మెల్లగా తేటపడి అద్దమైపోతుంది. లోపల ఏమున్నా బయటపడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ క్షణంలో ఊపిరి ఆగేది. ఇప్పుడు పరీక్షలన్నీ కంప్యూటరు తెర మీద గీతలైపోయాయి. మంచిదే, తప్పులు తగ్గాయి. కానీ ఒక ముక్క మన కళ్ళ ముందు తేటపడుతుంటే చూడటంలో ఉన్న ఆనందం ఆ గీతల్లో లేదు, ఎవరేమన్నా అనుకోనీ.

ఆ రోజు ముక్కలో పసుపు రంగు నలుసు ఒకటి కనబడింది. ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు. భూతద్దం వంతులవారీగా తిరిగింది. ఒకరు తుప్పన్నారు, ఒకరు పురుగు కాలన్నారు. భూతద్దం చెంగల్రాయుడి చేతికి వచ్చింది. అతను చాలాసేపు చూశాడు. అద్దం దించి, కొండ దిగి వచ్చిన రోజు పెట్టుకున్న టోపీని అలమరలోంచి తెచ్చి, దాని లోపల అరచేయి రుద్ది, ఆ చేయి మా ముందు చాపాడు. అరచేతిలో పచ్చటి పొడి ఉంది.

"ఇది నాది సార్," అన్నాడు.

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దేవుడి గంధమే సార్. నేనేం తప్పు చేసినాను? మొక్కు తీర్చుకోని వచ్చినాను, అంతే గదా!"

పద్మనాభన్ భయంకరంగా తిడతాడని అందరం తలలు వంచుకున్నాం. ఆయన తన టోపీ తీశాడు. నుదుట మూడు విభూతి రేఖలు, అంచులు పొడిపొడిగా రాలుతూ ఉన్నాయి. రోజూ అట్లానే లోపలికి పోతున్నాడాయన. జేబు రుమాలుతో నుదురు తుడుచుకుని, ఆ రుమాలు వంక చూసి, "ఇన్ని దినాలుగా నాది ఎంత పోయిందో!" అన్నాడు.

మర్నాడు మడిగది ముందు కొళాయి పెట్టించాడు. లోపలికి పోయే ఎవరైనా మొహమూ తలా కడుక్కోవాలి. మొదట ఆయనే కడుక్కున్నాడు. పైనుంచి ఎవడి పొరపాటో పేరు చెప్పమని అడిగితే, "మడిగది నాది, పేరూ నాదే పెట్టుకోండి" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఎన్ని తిట్టినా నేను వెనకాల ఒక్క మాట అనలేదు.

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. "ఇది నాది" అని చేయి చాపినవాణ్ణి ఇంటికి పంపేస్తే, మిగతావాళ్ళంతా చేతులు జేబులో పెట్టుకుంటారు. అప్పుడు నలుసులన్నీ భూమిలోకి పోతాయి.

రెండో డ్రమ్ము

కథ అక్కడితో అయిపోతే నేను రాయాల్సిన పని లేదు. ఆ పెట్టె గుళికలతోనే రెండో డ్రమ్ము కూడా నడిచింది. అది పరీక్షలో నెగ్గింది. ముల్లు కదల్లేదు.

నెగ్గినా నాకు నమ్మకం కుదరలేదు. నలుసు పక్కన సందు ఉంటేనే మీటరు పట్టుకుంటుంది. ప్లాస్టిక్ నలుసును గట్టిగా కరుచుకుని ఉంటే పట్టుకోలేదు. పద్మనాభన్‌తో వాదన పెట్టుకున్నాను. "మీటరు కంటే నీకు ఎక్కువ తెలుసా ప్పా?" అన్నాడు. అంటూనే, ఇంకా ఎక్కువ వోల్టేజి పెట్టి, పొద్దున నుంచి సాయంత్రం దాకా పట్టి చూడమన్నాడు. చెంగల్రాయుడు ఆ పొద్దంతా ఇనుప వల బయట నిలబడే ఉన్నాడు. ఆసుపత్రి వరండాలో కూడా ఇట్లానే నిలబడి ఉంటాడనుకున్నాను. సాయంత్రానికి కూడా ముల్లు కదల్లేదు. ఇక ఆపడానికి ఎవరి దగ్గరా కారణం లేదు. డ్రమ్ము లారీ ఎక్కింది.

అది తిరుపతికే పోయింది. ఊళ్ళో ఆసుపత్రులున్న వైపుకు కరెంటు తీసుకుపోయే లైనులో వేశారు. రాజమ్మ బతికి బయటపడిన ఆసుపత్రి కూడా ఆ వైపే.

"సార్, ఆ కేబులు పేలితే? ఎవురికన్నా ఆపరేషన్ చేస్తా ఉంటే?" అని అడిగాడు చెంగల్రాయుడు.

"జనరేటరు ఉంటుందప్పా."

"ఉంటాది సార్. ఉన్నా గానీ."

అందులో గంధం ఉందో లేదో తెలుసుకునే దారి ఒక్కటే, అది పేలాలి. పేలకూడదని ఇద్దరం దేవుడికి దండం పెట్టుకున్నాం.

"మనదేనా?"

అప్పటి నుంచి అతనికి ఒక అలవాటు పట్టుకుంది. తిరుపతిలో కరెంటు పోయిందని ఎక్కడ విన్నా నా దగ్గరికి వచ్చేవాడు. "సార్, తిరపతిలో కరెంటు పోయిందంట. మనదేనా?" నేను తెలిసినవాళ్ళకు ఫోను చేసి కనుక్కునేవాణ్ణి. ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడుండేది. ఉడుత ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కుండేది. "మనది కాదప్పా" అనగానే అతని భుజాలు దిగేవి. ఆ తర్వాత ఆ ఉడుత మీద ఒక పెద్ద కథ అల్లి క్యాంటీనులో అందరినీ నవ్వించేవాడు.

ఏటా కొండకు పోయి గుండు చేయించుకోవడం మానలేదు. మొక్కు మొక్కే. కానీ గంధం మాత్రం పూసుకోలేదు. సెలవు పెట్టి పోయినా, ఎండాకాలంలో నెత్తి కమిలి పొక్కులు లేచినా పూసుకోలేదు. "ఏమప్పా, దేవుడు నీకు గంధం బాకీనా?" అని తోటివాళ్ళు ఏడిపించేవారు. "తల మంట పుట్టేది నాకు. మీకేంటికి?" అని నవ్వేవాడు. వాళ్ళ ఆవిడకు మాత్రం కోపం. నేను ఒకసారి వాళ్ళింటికి పోయినప్పుడు రాజమ్మ గంధపు గిన్నె పట్టుకుని అతని వెంట ఇల్లంతా తిరిగింది. అతను చిక్కలేదు.

"సూడునా, ఈ మనిషి తల!" అని నాతో మొరపెట్టుకుంది. "నాకోసరం మొక్కుకున్నాడు. గుండు కాలిపోతా ఉంటే సల్లగా ఇంత గంధం పూసేదానికి కూడా నాకు రాత లేదా?"

"ఆ డ్రమ్ము సంగతి తేలనీ రాజీ," అన్నాడతను. "ఆ పొద్దు నువ్వే పూద్దువులే."

మేం ఒకరి తర్వాత ఒకరం రిటైరయ్యాం. నేను తిరుపతిలో ఇల్లు కట్టుకున్నాను, అతను పల్లెలో వేరుశనగ వేసుకున్నాడు. అతనికి సార్‌ను కాస్తా అన్ననయ్యాను. ఫోన్లు మాత్రం ఆగలేదు. మా వీధిలో ఫ్యాను ఆగిందంటే కాసేపట్లో నా ఫోను మోగేది. టీవీలో చూసేవాడో, ఎవరన్నా చెప్పేవారో తెలియదు. "అన్నా, మనదేనా?" మా ఆవిడ విసనకర్ర తెచ్చుకుంటూ, "ఫోను తియ్యి, మీ చెంగల్రాయుడే" అనేది. ఒక్కోసారి నాకు విసుగొచ్చేది కూడా. "మనది కాదప్పా, గమ్మునుండు" అనేవాణ్ణి.

నిరుడు గుండె ఆగి పోయాడు. చేన్లో పని చేసుకుని వచ్చి, చాప మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగాడట. రాజమ్మ చెంబు తెచ్చేసరికి మనిషి లేడు.

ఇప్పుడు కరెంటు పోతే నేను ఫోను వంక చూస్తాను. మోగదని తెలుసు. అయినా కరెంటు వచ్చేదాకా చూస్తూనే ఉంటాను. మా ఆవిడ విసనకర్ర నా వైపు కూడా ఊపుతుంది.

మళ్ళీ కనబడింది

మొన్న ఎండాకాలంలో హేమలత ఫోను చేసింది. ఒకప్పుడు మా ఫ్యాక్టరీలో నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి, ఇప్పుడు కరెంటు శాఖలో ఇంజనీరు. రోడ్డు వెడల్పు చేస్తున్నారనీ, లైను పక్కకు జరిపి కొత్త కేబులు వేస్తున్నారనీ చెప్పింది. "సార్, పాత కేబులు బయటికి లాగుతా ఉండారు. పైన మన ఫ్యాక్టరీ పేరుండాది. చూస్తారేమోనని."

ఆసుపత్రులున్న వైపే అని చెప్పగానే ఆటో ఎక్కాను.

గోతి పక్కన నల్లటి కేబులు బారుగా పడి ఉంది. ఒంటి నిండా ఎర్రమట్టి. నా వయసు మరిచిపోయి గట్టు మీద గొంతుక్కూర్చుని, పంచె చెంగుతో మట్టి తుడిచాను. పై తొడుగు మీద అచ్చయిన డ్రమ్ము గుర్తు బయటపడింది. ఆ గుర్తు మా ఇద్దరికీ నోటికి వచ్చు. చెంగల్రాయుడు దాన్ని పిల్లలు ఎక్కం చెప్పినట్టు చెప్పేవాడు.

హేమలత నా వెనక నిలబడి, "మీదేనా సార్?" అని అడిగింది.

"మాదే తల్లీ," అన్నాను. "ఎప్పుడన్నా పేలిందా ఇది?"

"ఒక్కసారి కూడా లేదు సార్. నేను వచ్చినాక ఈ లైనులో దీన్ని ముట్టుకున్నవాళ్ళే లేరు. బాగున్నదాన్నే తీసేస్తా ఉండాము, రోడ్డు కోసం."

ఇరవై ఏళ్ళు దాటింది అది భూమిలోకి పోయి. ఎన్ని కాన్పులు, ఎన్ని ఆపరేషన్లు దాని మీదుగా జరిగిపోయాయో! పేలకుండా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, పని ముగించుకుని బయటికి వచ్చి ఎండలో పడుకుంది. దాన్ని నిమిరాను. రోడ్డు పని చేసేవాళ్ళు నన్ను వింతగా చూశారు. చూడనీ.

హేమలత అడిగి మూర చొప్పున రెండు మూడు చోట్ల ముక్కలు కోయించి ఇచ్చింది. ఇంటికి తెచ్చి, తెల్లటి పొరను పలచగా కోసి, బాండ్లిలో వేరుశనగ నూనె పెట్టాను. "వడలు చేసే బాండ్లి అది!" అని మా ఆవిడ కేకలేసింది. అంతలోనే తనూ వచ్చి పక్కన నిలబడింది. ముక్కలు మెల్లగా తేటపడ్డాయి. నలుసు లేదు, చెట్టు లేదు, చెట్టు మొలక కూడా లేదు. బాండ్లి అడుగు కనబడింది.

నిజం నిజంగా చెప్పాలి కదా. ఆ డ్రమ్ములో కేబులంతా నేను కోసి చూడలేదు, చూడలేను కూడా. అందులో ఎక్కడన్నా గంధపు నలుసు ఉందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఉన్నా అది ఎవరికీ ఏ కీడూ చేయలేదు. చెంగల్రాయుడికి కావలసిన జవాబు అంతే.

ఫోను చేతిలోకి తీసుకున్నాను. అతని పేరు అందులో అట్లానే ఉంది. ఎవరికి చేయాలి?

రాజమ్మ సాన

మర్నాడు బస్సెక్కి వాళ్ళ పల్లెకు పోయాను. రాజమ్మ వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేచి పీట వేసింది.

"ఏంనా, ఇంత ఎండలో వచ్చినావు? ఫోను చేసుంటే నేనే వస్తును గదా."

గోడకు చెంగల్రాయుడి ఫొటో ఉంది. పూలదండ వేసింది, నుదుట కుంకుమ బొట్టు పెట్టింది. ఎవరి ఫొటోకైనా గంధం పెట్టి, దాని మీద కుంకుమ పెడతారు. ఇక్కడ గంధం లేదు.

తేటపడిన ముక్క చల్లారాక మళ్ళీ తెల్లబడిపోయింది, గాజులా గుండ్రంగా. దాన్ని తుడిచి ఆమె అరచేతిలో పెట్టాను.

"ఇదేందినా?"

"ఆ డ్రమ్ముదమ్మా. రెండో డ్రమ్ము."

ఆమె ఉలిక్కిపడింది. "పేలిపోయిందా?"

"లేదు రాజమ్మా. ఒక్కసారి కూడా పేలలేదు. రోడ్డు కోసం బయటికి తీసినారు. కోసి, నూనెలో వేసి చూసినాను. తేటగా ఉండాది. మంచి కేబులు."

రాజమ్మ ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. వేలికి తొడుక్కుని చూసింది, తీసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. లోపలికి పోయింది. కాసేపటికి లోపల రాయి మీద చెక్క అరగదీసే చప్పుడు వినబడింది. నేను పీట మీదే కూర్చుని ఉన్నాను.

చిన్న గిన్నెతో బయటికి వచ్చింది. ఫొటో గోడ మీంచి దించి ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఫొటోలో చెంగల్రాయుడికి నల్లటి ఒత్తయిన జుట్టుంది. బొట్టు పెడుతుందనుకున్నాను. నాలుగు వేళ్ళూ గిన్నెలో ముంచి, గంధాన్ని అద్దం మీద ఆ తల నిండా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా మందంగా పూసింది.

"జుట్టు కనబడకుండా పోయింది గదమ్మా," అన్నాను.

"పోనీనా," అంది. మళ్ళీ వేళ్ళు ముంచింది. "ఇన్నేండ్లు కాలింది ఆ తల."